అమెరికాలో తుపాకీ హక్కుల వాదం, నాయకుల ద్వంద్వ ప్రమాణాలపై విమర్శ

తుపాకీ కొనుక్కోవడం, ఇంట్లో ఉంచుకోవడం, వెంట పెట్టుకుని బయట తిరగడం పౌరుల మౌలిక హక్కు అని అమెరికాలో వాదించే ఉద్యమాన్ని తుపాకీ హక్కుల ఉద్యమం అంటారు. 1791లో రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ దీనికి పునాది. ఈ ఉద్యమం వినిపించే వాదనల్లో జనంలోకి సులువుగా వెళ్లినది ఒకటుంది. తుపాకులు వద్దని చట్టాలు చేసే నాయకులు తమ చుట్టూ మాత్రం గన్‌మన్‌లను పెట్టుకుంటారని, తమకూ తమవారికీ లైసెన్సులు తెచ్చుకుంటారని, చట్టంలోనే మినహాయింపులు రాసుకుంటారని ఆ వాదన. దీనికి నిజమైన ఆధారాలున్నాయి. అయితే అవి ఒక పార్టీలోనే దొరికేవి కావు. తుపాకీ పక్షాన నిలిచామని చెప్పుకునే నాయకుల చరిత్రలోనూ, ఉద్యమాన్ని నడిపిన సంఘాల చరిత్రలోనూ అంతే స్పష్టంగా కనిపిస్తాయి.

రెండో సవరణ, సుప్రీంకోర్టు

ఇంగ్లిషులో 27 మాటలే ఉన్న ఈ సవరణ మొదట పౌరసైన్యం అవసరాన్ని చెప్పి, ఆ తర్వాత ఆయుధాలు కలిగి ఉండే ప్రజల హక్కును కాలరాయరాదని అంటుంది. ఆ హక్కు పౌరసైన్యంలో పనిచేసేవారికేనా, ఒక్కొక్క మనిషికీ విడిగా ఉందా అన్నది రెండు శతాబ్దాల వివాదం. 2008లో ‘డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా వర్సెస్ హెల్లర్’ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో అది వ్యక్తిగత హక్కేనని తేల్చింది. తీర్పు రాసింది జస్టిస్ స్కాలియా.

ఆ కేసు వేసిన డిక్ హెల్లర్ వాషింగ్టన్‌లో సెక్యూరిటీ గార్డు. పగలు ప్రభుత్వ భవనానికి కాపలా కాసేటప్పుడు నడుముకు పిస్తోలు ఉండేది. సాయంత్రం ఇంటికి వెళ్లాక తన ప్రాణానికి కాపలాగా అలాంటిదే ఒకటి ఉంచుకోవడానికి నగర చట్టం ఒప్పుకునేది కాదు. ప్రభుత్వ ఆస్తిని కాపాడేటప్పుడు నమ్మదగిన మనిషి, తన ఇంటిని కాపాడుకునేటప్పుడు ఎందుకు కాకుండా పోతాడన్న ప్రశ్నకు నగర పాలకులు సరైన జవాబు చెప్పలేకపోయారు. ద్వంద్వ ప్రమాణాల గురించి తుపాకీ హక్కులవారు చెప్పే ఉదాహరణల్లో నా దృష్టిలో ఇంతకంటే గట్టిది లేదు. ఇందులో ఎవరి వ్యక్తిత్వం మీదా నింద లేదు, చట్టం అసమానంగా ఉందన్న వాస్తవం మాత్రమే ఉంది.

2010లో మెక్‌డొనాల్డ్ కేసు ఈ హక్కును రాష్ట్రాలకూ నగరాలకూ వర్తింపజేసింది. 2022 నాటి బ్రూన్ తీర్పు ఇంటి బయట తుపాకీ తీసుకెళ్లే హక్కును గుర్తించింది. 2024లో రహీమీ కేసులో మాత్రం, గృహహింస కారణంగా కోర్టు ఆంక్షల్లో ఉన్నవారికి తుపాకీ నిషేధించడం సబబేనని కోర్టు 8–1తో చెప్పింది.

అసమాన చట్టాల చరిత్ర

తుపాకీ చట్టం ఎవరి మీద ప్రయోగించారన్న ప్రశ్న అమెరికాలో జాతి చరిత్రతో విడదీయరానిది. 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లజాతివారిని పౌరులుగా ఒప్పుకోకపోవడానికి చూపిన కారణాల్లో, అలా ఒప్పుకుంటే వారు ఎక్కడికైనా ఆయుధాలు తీసుకెళ్లగలుగుతారన్నది ఒకటి. బానిసత్వం ముగిసిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, విముక్తి పొందినవారు లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోరాదని చట్టం చేసింది. ఫ్లోరిడా 1893లో చేసిన చట్టం పైకి అందరికీ వర్తించేదే. కానీ అది నల్లజాతి కూలీల దగ్గర ఆయుధాలు లేకుండా చేయడానికి తెచ్చిందనీ, తెల్లవారి మీద అమలు చేయాలన్న ఉద్దేశమే ఎన్నడూ లేదనీ 1941లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు తీర్పులోనే రాశారు. చట్టం అక్షరానికీ అమలుకూ మధ్య దూరాన్ని న్యాయమూర్తే ఒప్పుకున్న సందర్భాలు అరుదు.

1956 జనవరిలో అలబామాలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆ తర్వాత ఆయన తుపాకీ లైసెన్స్‌కు దరఖాస్తు చేస్తే తిరస్కరించారు. ప్రాణభయానికి అంతకంటే రుజువు ఏముంటుంది? లైసెన్స్ ఇచ్చేదీ ఇవ్వనిదీ స్థానిక అధికారి ఇష్టం. ఆ అధికారికి కింగ్ అర్హుడిగా కనిపించలేదు.

ఇక 1967 నాటి కాలిఫోర్నియా. ఓక్లండ్‌లో పోలీసుల వేధింపులను గమనిస్తూ నల్లజాతివారి సంస్థ బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్తలు తూటాలు నింపిన తుపాకులతో వీధుల్లో తిరిగేవారు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం అది నేరం కాదు. దాన్ని ఆపడానికి రిపబ్లికన్ శాసనసభ్యుడు డాన్ మల్ఫర్డ్ బిల్లు తెచ్చారు. మే 2న పాంథర్లు తుపాకులతోనే శాక్రమెంటోలోని శాసనసభ భవనంలోకి వెళ్లి నిరసన తెలిపారు. బిల్లు పాసైంది, గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకం చేశారు. వీధిలో తూటాలు నింపిన తుపాకీతో తిరగాల్సిన అవసరం పౌరుడికి ఏముందని ఆనాడు ఆయన అన్నారు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏ) ఆ చట్టానికి మద్దతిచ్చింది. అంతకు పదేళ్ల ముందు ఉత్తర కరోలినాలోని మన్రోలో రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి నాయకుడు కూక్లక్స్ క్లాన్ దాడుల నుంచి తన పేటను కాపాడుకోవడానికి, అదే ఎన్‌ఆర్‌ఏ శాఖగా గుర్తింపు తెచ్చుకుని జనానికి గురి నేర్పించారు.

ఈ సందర్భంలోనే అమెరికా తుపాకీ హక్కులవారు గాంధీజీని కూడా తలుచుకుంటారు. బ్రిటిష్‌వారు చేసిన చెడ్డ పనుల్లో ఒక జాతిని నిరాయుధం చేసిన చట్టాన్ని అన్నిటికంటే ఘోరమైనదిగా ఆయన చెప్పిన మాటను వారు తరచు వాడతారు. ఆ మాట 1918లో ఖేడా జిల్లాలో బ్రిటిష్ సైన్యంలో చేరమని యువకులను పిలుస్తూ వేసిన కరపత్రంలోది. సైన్యంలో చేరితే ఆయుధం పట్టడం నేర్చుకోవచ్చన్నది ఆయన వాదన. ఇంటింటా తుపాకీ ఉండాలని ఆయన కోరలేదు. అయితే 1878 నాటి ఆ చట్టం కింద భారతీయులకు లైసెన్స్ తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించారన్నది నిజం. పాలకుడికి ఒక నియమం, పాలితుడికి ఒక నియమం అన్న ఫిర్యాదుకు మన దేశ చరిత్రలోనూ చోటుంది.

సంఘాలు

1871లో న్యూయార్క్‌లో ఎన్‌ఆర్‌ఏను స్థాపించింది అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పనిచేసినవారు. సైనికులకు గురి సరిగా కుదరడం లేదన్న బాధే వారిని కదిలించింది. చాలాకాలం అది షూటింగ్ పోటీలు, వేట, శిక్షణ చూసుకునే సంఘం. 1934లో మెషిన్ గన్ల మీద 200 డాలర్ల పన్ను విధించిన ఫెడరల్ చట్టంపై విచారణ జరిగినప్పుడు, ప్రతివాడూ తుపాకీ వెంటేసుకు తిరగడం తనకు ఇష్టం లేదనీ, దాన్ని లైసెన్సులతో గట్టిగా కట్టడి చేయాలనీ ఎన్‌ఆర్‌ఏ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ కాంగ్రెస్ ముందు చెప్పారు. నేటి సభ్యులు వింటే నమ్మలేని మాట.

కెనెడీ సోదరులు, కింగ్ హత్యల తర్వాత 1968లో వచ్చిన తుపాకీ నియంత్రణ చట్టం పరిస్థితిని మార్చింది. సంఘం నాయకత్వం రాజకీయాల నుంచి తప్పుకుని ప్రధాన కార్యాలయాన్ని కొలరాడోకు తరలించాలని అనుకుంటున్న సమయంలో, 1977 మే నెలలో సిన్సినాటి మహాసభలో హార్లన్ కార్టర్, నీల్ నాక్స్ వర్గం రాత్రంతా ఓట్లు వేయించి పాత నాయకులను దింపేసింది. అప్పటి నుంచి ఎన్‌ఆర్‌ఏ రాజకీయ శక్తి. దానికంటే రాజీలేని వైఖరి కావాలనుకున్నవారికి 1970ల్లోనే పుట్టిన గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా, కోర్టు కేసుల మీద దృష్టి పెట్టిన సెకండ్ అమెండ్‌మెంట్ ఫౌండేషన్ ఉన్నాయి.

నియంత్రణ కోరిన నాయకులు

ఈ విమర్శలో అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు డయాన్ ఫైన్‌స్టైన్. కాలిఫోర్నియా సెనేటర్‌గా ఆమె 1994 నాటి అసాల్ట్ ఆయుధాల నిషేధానికి ప్రధాన కర్త. ఆ నిషేధం 2004లో గడువు తీరి పోయింది. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర రాజకీయాల్లో ఉన్నప్పుడు ఒక తీవ్రవాద బృందం ఆమె ఇంటి దగ్గర బాంబు పెట్టింది, అది పేలలేదు. అప్పుడు ఆమె లైసెన్స్ తీసుకుని పిస్తోలు వెంట ఉంచుకున్నారు. ఆ సంగతి 1995లో సెనేట్ విచారణలో ఆమే చెప్పారు. 1978లో మేయర్ మాస్కోనీ, నగర పాలకమండలి సభ్యుడు హార్వీ మిల్క్ హత్యల తర్వాత మేయరై, 1982లో నగరంలో చేతి తుపాకుల నిషేధం తెచ్చారు. దాన్ని కోర్టు కొట్టేసింది. తన తుపాకీని తానే అప్పగించేశారు కాబట్టి ఆమెను కపటి అనడం న్యాయం కాదు. కానీ ఆమె ప్రాణభయానికి లైసెన్స్ దొరికినంత సులువుగా అదే నగరంలో ఒక దుకాణదారుడి ప్రాణభయానికి దొరికేది కాదన్న విమర్శకు ఆమె ఎన్నడూ పూర్తి జవాబు ఇవ్వలేదు.

చేతి తుపాకులను నిషేధించాలని గట్టిగా రాసిన కాలమిస్టు, మాజీ రాయబారి కార్ల్ రోవన్ 1988లో వాషింగ్టన్‌లోని తన ఇంటి ఈతకొలనులోకి చొరబడిన కుర్రవాడి మీద రిజిస్టర్ చేయని పిస్తోలుతో కాల్పులు జరిపి గాయపరిచారు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోవడంతో కేసు ముగిసింది. కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ లేలాండ్ యీ కథ ఇంకా తీవ్రమైనది. తుపాకీ నియంత్రణ బిల్లులకు పేరుపడిన ఆయనను 2014లో ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది, అభియోగాల్లో ఆయుధాల అక్రమ రవాణాకు కుట్ర కూడా ఉంది. 2015లో నేరం ఒప్పుకుని, మరుసటి ఏడాది ఐదేళ్ల జైలుశిక్ష పొందారు.

న్యూయార్క్ మాజీ మేయర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్ విషయం వేరు. నియంత్రణ ఉద్యమానికి ఆయన ఇచ్చినంత డబ్బు ఇచ్చినవారు తక్కువ. 2020లో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ప్రచారం చేస్తూ వర్జీనియాలో జరిగిన ఒక టీవీ సభలో, మీ చుట్టూ సాయుధ రక్షకులున్నారు కదా, మా ప్రాణం కంటే మీ ప్రాణం ఎక్కువా అని ప్రేక్షకుల్లోంచి ఒకరు అడిగారు. తనకు నిత్యం బెదిరింపులు వస్తుంటాయని ఆయన జవాబిచ్చారు. అడిగినది సమానత్వం గురించి, చెప్పినది అవసరం గురించి. 2013 జనవరిలో శాండీ హుక్ స్కూలు హత్యాకాండ తర్వాత ఎన్‌ఆర్‌ఏ ఇదే ప్రశ్నను అధ్యక్షుడు ఒబామా కుమార్తెల మీదికి తిప్పి ప్రకటన వేసింది. వాళ్లకు సాయుధ రక్షణ ఉంది, మీ పిల్లలకు ఎందుకు లేదన్నది దాని సారం. అధ్యక్షుడి పిల్లలకు రక్షణ వాళ్లు కోరుకుంటే వచ్చింది కాదు. చిన్నపిల్లలను వాదనలోకి లాగడం తప్పని శ్వేతభవనం తీవ్రంగా స్పందించింది, ఆ అభ్యంతరం సరైనదే.

కమలా హారిస్ 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో జిల్లా అటార్నీగా హెల్లర్ కేసులో వాషింగ్టన్ నిషేధానికి మద్దతుగా కోర్టుకు వినతి ఇచ్చారు. 2024 ఎన్నికల్లో తన దగ్గర గ్లాక్ పిస్తోలు ఉందనీ, ఇంట్లో చొరబడినవాడు కాల్పులకు గురవుతాడనీ చెప్పారు. జో బైడెన్ 2022 జూన్‌లో సంతకం చేసిన చట్టం, అనర్హులు తుపాకీ కలిగి ఉంటే పడే గరిష్ఠ శిక్షను పదేళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచింది. 2024 జూన్‌లో ఆయన కుమారుడు హంటర్, మాదకద్రవ్యాల వాడకం దాచి 2018లో రివాల్వర్ కొన్న కేసులో మూడు అభియోగాల్లో దోషిగా తేలారు. డిసెంబర్ 1న తండ్రి క్షమాభిక్ష ఇచ్చారు. అదే సెక్షన్ కింద జైల్లో ఉన్న సామాన్యులకు అలాంటి తండ్రి లేడు. ఇక్కడ తుపాకీ హక్కులవారూ ఇరకాటంలో పడ్డారు. మాదకద్రవ్యాలు వాడేవారికి తుపాకీ నిషేధించే ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని వారిలో చాలామంది ఎప్పటి నుంచో అంటున్నారు, హంటర్ లాయర్లు కోర్టులో వినిపించిందీ అదే.

లైసెన్సు ఎవరికి

మనుషుల మీద నిందల కంటే, లైసెన్సుల వ్యవస్థ మీద చేసిన విమర్శ గట్టిది. న్యూయార్క్‌లో 1911 నాటి సలివన్ చట్టం వల్లా, కాలిఫోర్నియాలో షెరీఫ్‌ల చేతిలో ఉన్న అధికారం వల్లా, తుపాకీ ఎందుకు కావాలో అధికారికి నచ్చజెప్పగలిగినవారికే లైసెన్సు దొరికేది. పేరు, పలుకుబడి ఉన్నవాళ్లు నచ్చజెప్పగలిగేవారు. న్యూయార్క్ నగరంలో తనకు అలాంటి లైసెన్సు ఉందని డోనాల్డ్ ట్రంప్ స్వయంగా చెప్పుకున్నారు. ఆ నగర పోలీసుల లైసెన్సు విభాగంలో లంచాలు తీసుకుని అనుమతులిచ్చారని 2017లో మాజీ అధికారుల మీద ఫెడరల్ కేసులు పడ్డాయి. సిలికాన్ వ్యాలీ ఉన్న శాంటా క్లారా కౌంటీలో షెరీఫ్ లారీ స్మిత్ ఎన్నికల విరాళాలిచ్చినవారికి, పెద్దమనుషులకు లైసెన్సులిచ్చి సామాన్యుల దరఖాస్తులు పక్కన పడేశారన్న ఆరోపణ మీద 2022లో విచారణ జరిగింది. జ్యూరీ చర్చల్లో ఉండగానే ఆమె రాజీనామా చేశారు, జ్యూరీ అన్ని ఆరోపణల్లోనూ దోషిగా తేల్చింది. ఎంతో మంది తెలుగు ఇంజనీర్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన కౌంటీ అది. బ్రూన్ తీర్పు అధికారి ఇష్టాయిష్టాల మీద నడిచే ఈ పద్ధతిని దేశమంతటా రద్దు చేసింది. దీనికి భిన్నంగా, 2024 నాటికి 29 రాష్ట్రాలు అసలు లైసెన్సే అక్కర్లేదనే దాకా వెళ్లాయి.

పోలీసులకిచ్చే మినహాయింపులూ ఇందులోవే. 2004 నాటి ఫెడరల్ చట్టం పనిలో ఉన్న, అర్హతలున్న రిటైర్డ్ పోలీసులు దాదాపు దేశమంతా తుపాకీ దాచుకుని తిరగడానికి అనుమతిస్తుంది. కాలిఫోర్నియాలో సామాన్యులు కొనకూడని పిస్తోళ్లను పోలీసులు కొనొచ్చు.

అదే కొలత అవతలి పక్షానికి

రీగన్ మల్ఫర్డ్ చట్టం దగ్గర ఆగలేదు. 1986లో పౌరులకు కొత్త మెషిన్ గన్లు లేకుండా చేసిన చట్టం మీదా సంతకం చేశారు. 1981లో తన మీద జరిగిన కాల్పుల్లో గాయపడిన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ పేరిట వచ్చిన బిల్లును 1991లో సమర్థించారు, 1994 నిషేధానికి మద్దతుగా లేఖ రాశారు. అయినా తుపాకీ సంఘాలు ఆయన్ను ఆరాధిస్తూనే వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో ట్రంప్, ప్రమాదకరమైనవారి దగ్గర ముందు తుపాకులు తీసుకుని, చట్టప్రక్రియ తర్వాత చూసుకోవచ్చని శ్వేతభవనంలో కెమెరాల ముందే అన్నారు. ఆ ఏడాది చివర ఆయన ప్రభుత్వం, తుపాకీ మెషిన్ గన్‌లా వేగంగా పేలేలా చేసే బంప్ స్టాక్‌లను నిషేధించింది, సుప్రీంకోర్టు 2024లో ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఒక డెమొక్రాట్ అదే మాట అని, అదే పని చేసి ఉంటే ఉద్యమం ఎంత గగ్గోలు పెట్టేదో ఊహించడం కష్టం కాదు. గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా ఆ నిషేధం మీద కోర్టుకు వెళ్లిందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన మూడు రోజులకు హ్యూస్టన్‌లో జరిగిన ఎన్‌ఆర్‌ఏ సభలో ట్రంప్ మాట్లాడారు. ఆ హాల్లోకి సీక్రెట్ సర్వీస్ తుపాకులు రానివ్వలేదు. అమెరికా కాంగ్రెస్ భవనంలో సందర్శకులకు తుపాకీ నిషేధం. సభ్యులు మాత్రం 1967 నాటి నిబంధన ప్రకారం తమ ఆఫీసు గదుల్లో ఉంచుకోవచ్చు. ఈ సౌకర్యాన్ని రెండు పార్టీలూ అర్ధ శతాబ్దంగా అలాగే ఉంచాయి.

ఎన్‌ఆర్‌ఏ మీద అన్నిటికంటే పెద్ద మచ్చ 2016 జూలైలో మిన్నెసోటాలో పడింది. ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడు లైసెన్సు ఉన్న తుపాకీదారు. పోలీసు కారు ఆపినప్పుడు తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా ముందే చెప్పాడు. పోలీసు అతన్ని కాల్చి చంపాడు. ఎన్‌ఆర్‌ఏ కాస్టీల్ పేరైనా ఎత్తకుండా ముక్తసరి ప్రకటన విడుదల చేసింది. చట్టం చెప్పినట్టు నడుచుకున్న తుపాకీదారు ప్రాణం పోయినా సంఘం గొంతు పెగల్లేదు. దాన్ని సంఘం సభ్యులే నిలదీశారు. ఆ సంఘాన్ని 1991 నుంచి నడిపిన వేన్ లాపియర్, సభ్యుల చందాలతో ఖరీదైన సూట్లు, విహారయాత్రలు అనుభవించారన్న కేసులో 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ జ్యూరీ ఆయన 43.5 లక్షల డాలర్లు తిరిగి కట్టాలని తేల్చింది.

విమర్శ బలం, హద్దులు

నియంత్రణ కోరేవారి జవాబుకు కూడా బరువుంది. లింకన్, గార్‌ఫీల్డ్, మెకిన్లీ, కెనెడీ, పదవిలో ఉండగా హత్యకు గురైన నలుగురు అధ్యక్షులూ తూటాలకే బలయ్యారు. ప్రభుత్వ రక్షకులు శిక్షణ పొందినవారు, చేసిన పనికి జవాబు చెప్పుకోవాల్సినవారు. 2021లో అమెరికాలో తుపాకీ మరణాలు 48,830. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. నాయకుడికి గన్‌మన్ ఉన్నాడన్న వాదన ఈ అంకెకు జవాబు కాజాలదు. ఒక చట్టం మంచిదా చెడ్డదా అన్నది దాన్ని తెచ్చినవాడి నడవడితో తేలే విషయం కాదు.

మూడు వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలవడం ఈ చర్చను పాడుచేసింది. మొదటిది మనసు మార్చుకోవడం. 2008లో హెల్లర్ పక్షాన సంతకం చేసిన కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్, 2011లో టక్సన్‌లో తలలో తూటా తగిలి బతికి బయటపడి, నియంత్రణ ఉద్యమం మొదలుపెట్టారు. 2017లో బేస్‌బాల్ మైదానంలో కాల్పులకు గురైన కాంగ్రెస్ సభ్యుడు స్టీవ్ స్కలీస్ తుపాకీ హక్కుల పక్షానే నిలిచారు. ఇద్దరూ నిజాయితీపరులే. రెండోది చెప్పేదొకటి చేసేదొకటి, అంటే యీ లాంటివారి సంగతి. అది ఆ మనిషి తప్పు. మూడోది చట్టంలోనో అమలులోనో కొందరికి మాత్రమే తెరిచిన తలుపు. మాంట్‌గోమరీ నుంచి శాంటా క్లారా దాకా జరిగింది ఇదే. దీని మీద తుపాకీ హక్కులవారు చేసిన పోరాటం, తుపాకులంటే గిట్టనివారు కూడా ఒప్పుకోవలసినంత న్యాయమైనది.

అలాంటి తలుపుల్లో కొన్నిటి గురించి ఉద్యమం పెద్దగా మాట్లాడదు. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకీ కొనొచ్చు. విద్యార్థి వీసా, హెచ్‌1బీ లాంటి వీసాల మీద ఉన్నవారు మాత్రం వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప కొనకూడదు. అమెరికాలో దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో రాత్రి డ్యూటీలు చేస్తూ దోపిడీ దొంగల తూటాలకు బలైన తెలుగు విద్యార్థుల వార్తలు మన పత్రికల్లో తరచు చూస్తున్నాం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో ఒక బార్‌లో జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు చనిపోయాడు. తుపాకులు విస్తారంగా ఉండటం వల్ల కలిగే ప్రమాదం వీరికి పూర్తిగా ఉంది, తుపాకీ హక్కు లేదు.

శిక్షపడినవారి హక్కుల పునరుద్ధరణ మరొకటి. నేరం రుజువై తుపాకీ హక్కు పోయినవారు, ఇక ప్రమాదకరం కాదని నిరూపించుకుంటే దాన్ని తిరిగి పొందడానికి ఫెడరల్ చట్టంలో దారి ఉంది. 1992 నుంచి ఏటా కాంగ్రెస్ ఆ దరఖాస్తులు చూసే సంస్థకు అందుకు నిధులు ఇవ్వకుండా ఆ దారి మూసేసింది. మూడు దశాబ్దాల పాటు, ఎప్పుడో చిన్న నేరం చేసి మారిపోయిన సామాన్యుడికి దరఖాస్తు పెట్టుకునే చోటే లేదు. 2025లో న్యాయశాఖ కొద్దిమందికి ఈ హక్కు తిరిగి ఇచ్చింది. అందులో గృహహింస కేసులో శిక్షపడిన సినీ నటుడు మెల్ గిబ్సన్ ఒకరు. ఆయన పేరు సిఫారసు చేయడానికి ఒప్పుకోనందుకే తనను ఉద్యోగం నుంచి తీసేశారని క్షమాభిక్షల విభాగం అధికారిణి చెప్పారు, న్యాయశాఖ దాన్ని ఖండించింది. అదే ఏడాది జూలైలో ఈ దరఖాస్తు పద్ధతిని అందరికీ తెరిచే నిబంధనను న్యాయశాఖ ప్రతిపాదించింది.